మిలటరీ ఇంట్లో పుట్టని పిల్లలకి దారి చూపించండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గార్లకు నమస్కారాలతో,

నాది పెన్నా డెల్టాలో ఒక పల్లె. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసుకుంటూనే కొన్నేళ్ళపాటు టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరుగా పనిచేశాను. ఇప్పుడు సర్వీసులో లేను. యూనిఫారంలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటివి బయట రాయడానికి నియమాలు ఒప్పుకోవు కాబట్టి, వదిలి వచ్చాకే రాస్తున్నాను.

మీకే రాయడానికి కారణముంది. జిల్లా సైనిక బోర్డుకి కలెక్టరే అధ్యక్షుడు. మాజీ సైనికుడి పింఛను చిక్కు దగ్గర్నుంచి సరిహద్దులో ఉన్న జవాను ఇంటి స్థలం తగాదా దాకా ఏది వచ్చినా, ఆ కుటుంబం ముందు వెళ్ళేది సైనిక సంక్షేమ కార్యాలయానికే. అంటే మిలటరీలో ఇప్పటికే మనిషి ఉన్న ఇంటికి జిల్లాలో ఒక దిక్కుంది. తాతల కాలం నుంచి ఒక్కరు కూడా ఆ వైపు పోని ఇంటి నుంచి ఒక పిల్లవాడో పిల్లో మొదటి అడుగు వేయాలనుకుంటే వాళ్ళకి ఎవరున్నారు? ఈ ఉత్తరం రాస్తున్నది ఆ పిల్లల గురించి, వాళ్ళ ఇళ్ళ గురించి.

టెరిటోరియల్ ఆర్మీ అంటే మన వైపు తెలిసినవాళ్ళు తక్కువ. పేరు చెప్పగానే "ధోనీ ఉన్నాడే, అదేనా?" అంటారు. అదే. 2011లో ధోనీకి అందులో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 2019లో ఆయన కాశ్మీరు వెళ్ళి తన బెటాలియన్‌తో కలిసి డ్యూటీ కూడా చేశాడు. ఆయనది గౌరవంగా ఇచ్చిన హోదా. మామూలు మనుషులు చేరే దారి వేరే ఉంది. 1948లో దీనికి చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ ప్రారంభించారు. ఎవరి బతుకుతెరువు వాళ్ళు చూసుకునే పౌరులే ఏటా కొంతకాలం సైనిక శిక్షణ తీసుకుని, అవసరం పడినప్పుడు రెగ్యులర్ సైన్యానికి తోడుగా నిలబడాలనేది దీని ఉద్దేశం. 1962, 1965, 1971 యుద్ధాల్లో టెరిటోరియల్ ఆర్మీ (టి.ఏ.) వాళ్ళు పనిచేశారు. 2024 జులైలో వయనాడులో కొండ విరిగిపడినప్పుడు బురదలోకి దిగిన వాళ్ళలో 122వ టి.ఏ. బెటాలియన్ వాళ్ళున్నారు.

ఆఫీసరుగా చేరాలంటే వయసు 18 నుంచి 42 లోపు, డిగ్రీ, దాంతోపాటు సొంత సంపాదన ఉండాలి. ఉద్యోగమైనా సరే, వ్యాపారమైనా సరే. పోలీసు శాఖలోనో రెగ్యులర్ సైన్యంలోనో ఉన్నవాళ్ళకి అవకాశం లేదు. రాతపరీక్ష, తర్వాత ఎస్.ఎస్.బి. (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, తర్వాత మిలటరీ ఆసుపత్రిలో మెడికల్. ఎంపికయితే మొదటి ఏడాది ఒక నెల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్ళలో మరో మూడు నెలల కోర్సు. పిలిపించుకుని డ్యూటీలో ఉంచిన రోజులకి రెగ్యులర్ ఆఫీసరుతో సమానంగా జీతం వస్తుంది. మిగతా రోజులకి ఏమీ రాదు. పెన్షన్ రావాలంటే ఆఫీసరు అలా డ్యూటీలో ఉన్న కాలమే 20 ఏళ్ళు నిండాలి. ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదని ప్రకటనల్లోనే చెబుతారు. కాబట్టి ఇందులోకి వచ్చేవాడు జీతం కోసం రాడు. వాడికి మనం చేసి పెట్టాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు, దారిలో అడ్డం పడకుండా చూస్తే చాలు.

నేను డిగ్రీలో ఎన్.సి.సి. చేశాను. అప్పుడే రెగ్యులర్ ఆర్మీకి పోవాలనుకున్నాను. మా నాయన ఒప్పుకోలేదు. "మనకేం తక్కువయిందని పోతావురా? మొదటి కారూ ఎడగారూ రెండూ పండే భూమి ఉండాది" అన్నాడు. మా చుట్టాల్లో యూనిఫారం వేసుకున్నది ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మా మామ ఒక్కడే. మా నాయన మాటలో తప్పేమీ లేదు. ఊళ్ళో మిలటరీ ఆయన ఒక్కడైనా ఉండుంటే ఆయన్ని పిలిచి అడిగేవాడు. అడగడానికి మనిషి లేనప్పుడు ఏ తండ్రయినా వద్దనే అంటాడు. ముప్పై దాటాక, రెగ్యులర్ ఆర్మీ వయసు అయిపోయాక, టి.ఏ. ప్రకటన ఒకటి పేపర్లో నా కంటపడింది. నా దాకా వచ్చిన ఆ అవకాశాన్ని ఈసారి వదులుకోలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సైన్యం నన్ను ఏ ఇంటివాడివని తక్కువ చూడలేదు. ఎస్.ఎస్.బి.లో మొదట్లోనే ఒక ఫారం నింపిస్తారు. తండ్రి చదువు, వృత్తి, ఆదాయం, అన్నదమ్ములు ఏం చేస్తున్నారు, అన్నీ రాయాలి. ఇంటర్వ్యూ చేసే అధికారి దాన్ని ముందు పెట్టుకునే ప్రశ్నలడుగుతాడు. నా పక్కన కూర్చున్న కుర్రాడు తండ్రి వృత్తి దగ్గర సుబేదార్ అని రాశాడు. అవతలి అబ్బాయి ఎయిర్‌ఫోర్స్ అని రాశాడు. నేను వ్యవసాయం అని రాసి, ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను. లోపల ఆ అధికారి నన్ను ఎక్కువసేపు అడిగింది ఆ వ్యవసాయం గురించే. సోమశిల ప్రాజెక్టు నీళ్ళు ఆలస్యమైతే ఊరు ఏం చేస్తుంది, కాలవ చివరి రైతుకి నీళ్ళు అందకపోతే ఎవరు మాట్లాడతారు, రాత్రిపూట తూము దగ్గర కాపలా ఎలా పంచుకుంటారు, గొడవైతే ఎవరు సర్దుతారు అని ఒకటొకటిగా అడిగాడు. అవన్నీ నేను చిన్నప్పటి నుంచి చూసినవే, మా నాయనతో పోయి చేసినవే. పదిమందిని కూడగట్టి ఒక పని చేయించడం ఎలాగో డెల్టాలో పుట్టిన పిల్లవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. కాబట్టి అడ్డం సైన్యం గేటు లోపల లేదు. మా ఇంటి గడప నుంచి ఆ గేటు దాకా ఉన్న దారిలో ఉంది.

ఆ దారి సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్ళకి ఇవి చాలా చిన్న విషయాల్లాగా కనబడతాయి.

మెడికల్‌కి పోయేముందు చెవులు శుభ్రం చేయించుకోవాలి. చెవిలో గులిమి ఉంటే డాక్టరుకి కర్ణభేరి కనబడదు. కనబడకపోతే టెంపరరీ అన్‌ఫిట్ అని రాస్తారు, మళ్ళీ ఇంకో తేదీ, ఇంకో ప్రయాణం, ఇంకో సెలవు. నాతోపాటు వచ్చిన ఒక కడప కుర్రాడు అలాగే ఆగిపోయాడు. పళ్ళకి కూడా లెక్కుంది, 14 డెంటల్ పాయింట్లు (బాగున్న పళ్ళని లెక్కగట్టి వేసే మార్కులు) ఉండాలి. పుచ్చిన పన్ను ముందే బాగుచేయించుకుంటే సరిపోతుంది. సుబేదారు గారి అబ్బాయికి ఈ సంగతులు నెలల ముందే తెలుసు. వాళ్ళింట్లో అన్నం తినేటప్పుడు మాట్లాడుకునే మాటలవి. మనవాడు పుస్తకాలు కొని లెక్కలు, రీజనింగ్ బట్టీ పట్టి, పరీక్ష పాసై, ఎస్.ఎస్.బి. కూడా గట్టెక్కి, చివరికి చెవిలో గులిమి దగ్గర ఆగుతాడు.

ఎంపికయ్యాక వచ్చే కాగితంలో తెచ్చుకోవాల్సిన సామాను రాసి ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని నెల్లూరు ట్రంకు రోడ్డంతా తిరిగాను. నల్ల ఇనప పెట్టె కొని, దాని మీద తెల్లరంగుతో పేరు రాయించాను. రాసిన పెయింటరుకి అంతకుముందు అలాంటి పెట్టె రాసిన అలవాటు లేదు, అక్షరాలు ఎంత సైజులో ఉండాలో నన్నడిగాడు, నేను చెప్పలేకపోయాను. డ్రిల్లు బూట్లు కొత్తవి కొత్తగానే పెట్టెలో పెట్టుకుపోతే మొదటి వారంలోనే మడమలు పుండ్లు పడతాయి. కొన్నాళ్ళు ముందుగా ఇంటి దగ్గరే తొడుక్కుని నడిచి తోలు మెత్తబరుచుకోవాలి. మా బ్యాచ్‌లో ఫౌజీ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అలా చేసే వచ్చారు. మిగిలినవాళ్ళం మడమలకి ప్లాస్టర్లు అంటించుకుని కవాతు చేశాం. మెస్‌లో ఎవరు లోపలికి వస్తే లేవాలి, సీనియర్ ఆఫీసరు భార్యని ఏమని పలకరించాలి, కమాండ్లన్నీ హిందీలో ఎలా ఇవ్వాలి, ఇవన్నీ అక్కడ నేర్పిస్తారు, ఓపిగ్గానే నేర్పిస్తారు. అక్కడిదాకా వచ్చినవాడికి ఏదీ ఆగదు. రాకముందే ఎంతమంది వెనక్కి తిరిగిపోతున్నారన్నదే నా బాధ.

ఇంటివాళ్ళ సంగతి ఇంకా కష్టం.

2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, టెరిటోరియల్ ఆర్మీని పిలిపించుకునే అధికారం సైన్యాధిపతికి ఇస్తూ రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. మే 6 తేదీతో ఉన్న ఆ ఉత్తర్వులో, మొత్తం 32 ఇన్‌ఫంట్రీ బెటాలియన్లలో 14ని రంగంలోకి దించవచ్చని ఉంది. రెండుమూడు రోజుల్లో ఆ వార్త టీవీల్లోకి వచ్చింది. అప్పుడు నా యూనిట్ సంగతేమిటో ఇక్కడ రాయను, రాయకూడదు. మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం రాయవచ్చు. పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏందక్కా, మీవోణ్ణి యుద్ధానికి పంపిస్తుండారంటనే!" అంది. మా అమ్మ పొయ్యి మీది కూర దించేసి టీవీ ముందు కూర్చుంది. ఫోన్ చేసి "అబ్బయా, నిన్ను యాడికి పంపిస్తారు? మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. ఆ రాత్రి నిద్రపోలేదు. ఏ చానల్ పెట్టినా సైరన్ల మోతే. పిలుపు అంటే అందరూ ఆ క్షణమే సరిహద్దుకి పోవడం కాదని, వెనక స్థావరాల్లో కాపలా పనులు కూడా టి.ఏ. చేస్తుందని, పిలుపు ఎలా వస్తుందో, పోయినవాడి క్షేమసమాచారం ఎక్కడ కనుక్కోవాలో ఆమెకి చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కరు లేరు. నేను చెప్పాను. కొడుకు చెబితే తల్లి నమ్ముతుందా, తనకి టెన్షన్ లేకుండా ఉండటానికి చెబుతున్నాడనుకుంటుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఆ ఊరి మనుషులు సైన్యంలో ఉన్నారు. ఆ ఊళ్ళో ఒక తల్లి భయపడితే ఎదురింటి అరుగు మీద ఉన్న పెద్దావిడే ధైర్యం చెబుతుంది, ఎందుకంటే ఆమె భర్త పోయొచ్చాడు, కొడుకు పోయొచ్చాడు. మా అమ్మకి అలాంటి అరుగు లేదు. కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు పల్లెల్లో చాలామంది తల్లులకి లేదు.

అయితే మన వైపు అసలు మనుషులే లేరని కాదు. ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో మాజీ సైనికుల ఇళ్ళు బాగానే ఉన్నాయి. వానలు సరిగా పడని నేల, సైన్యం ఆ ఇళ్ళకి అన్నం పెట్టింది, గౌరవమూ తెచ్చింది. రిటైరయి వచ్చిన సుబేదార్లు, హవల్దార్లు ఆ ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళకున్న అనుభవం కోస్తా పిల్లల దాకా రావడంలేదు. గిద్దలూరులో ఉన్న పెద్దాయనకి మైపాడులో ఒక అబ్బాయి టి.ఏ. పరీక్ష రాస్తున్నాడని ఎలా తెలుస్తుంది? ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేది మీరే. నా మొదటి విన్నపం ఇదే. రెండు జిల్లాల సైనిక సంక్షేమ కార్యాలయాల్లో నెలలో ఒక రోజు, ఫలానా రోజని అందరికీ తెలిసేట్టు, ఇలాంటి పిల్లల కోసం పెట్టించండి. రెగ్యులర్ ఆర్మీకి పోదామనుకునేవాళ్ళు, టి.ఏ.కి పోదామనుకునేవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు రావచ్చు. ఎదురుగా ఇద్దరు మాజీ సైనికులు కూర్చుంటే చాలు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. నాకు పిలుపొస్తే నేనూ వచ్చి కూర్చుంటాను, జీతం భత్యం ఏమీ వద్దు.

ఆ రోజు తల్లిదండ్రుల్ని తప్పకుండా రమ్మనాలి. 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చాక టి.ఏ.లో ఆఫీసరు పోస్టులకి ఆడపిల్లలకీ దారి తెరుచుకుంది. మా కాలేజీలో చదివిన ఒకమ్మాయి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, నన్ను వివరాలడిగింది. అన్నీ చెప్పాను. వారం తర్వాత ఫోన్ చేసి, "మా పెదనాయన ఒప్పుకోవడంలేదు సార్, పెళ్ళి సంబంధాలు రావంటున్నాడు" అంది. ఆ పెదనాయనకి నేను చెబితే సరిపోదు. కలెక్టరు గారి కార్యాలయం నుంచి పిలుపొచ్చి, తన వయసున్న ఒక రిటైర్డ్ సుబేదార్ పక్కన కూర్చుని మాట్లాడితే వింటాడు.

ఇలా ఒక నమ్మకమైన చోటు లేకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. టి.ఏ.లోకి జవాన్లని తీసుకునే ర్యాలీ కోయంబత్తూరులోనో బెళగావిలోనో పెడితే మనవాళ్ళు జనరల్ బోగీల్లో నిలబడి పోతారు. పోయేముందే ఊళ్ళోకి ఒక బ్రోకరు వస్తాడు. లోపల మనిషి ఉన్నాడంటాడు, లక్షల్లో అడుగుతాడు. సైన్యంలో సెలక్షన్ ఎలా జరుగుతుందో తెలిసిన ఇంట్లో వాడి ఆటలు సాగవు. తెలియని ఇంట్లో భూమి తాకట్టు పెట్టయినా డబ్బు కడతారు. చిన్న రైతులు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుటుంబాలు ఇలా మోసపోతుంటే చూడటం నా వల్ల కాదు.

ఇక ఉద్యోగం సంగతి. ఈ ఉత్తరంలో మీరు తప్పకుండా చదవాల్సిన భాగం ఇది.

నేను ఇదివరకు పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో క్యాంపుకి సెలవు అడిగాను. ఉత్తర్వు కాపీ చేతికిచ్చాను. కరస్పాండెంట్ గారు దాన్ని చదివి, "దేశభక్తి మంచిదే మాస్టారూ, సెమిస్టరు మధ్యలో రెండు నెలలంటే మాకు కుదరదు. వేసవిలో చేసుకోండి" అన్నారు. క్యాంపు ఎప్పుడనేది యూనిట్ నిర్ణయిస్తుంది, నేను కాదని చెప్పాను. ఎట్టకేలకు జీతం లేకుండా పొమ్మన్నారు. తిరిగొచ్చేసరికి నా సబ్జెక్టులు వేరేవాళ్ళకి ఇచ్చేసి, పాత సర్వీసు తీసేసి, నన్ను కొత్తగా చేరినట్టు చూపిస్తూ ఆర్డరు చేతిలో పెట్టారు. ఇంక్రిమెంట్లు పోయాయి. టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 7-ఏ సెక్షన్ జిరాక్స్ తీసి ఇస్తే, అక్కడి ఆఫీసులో పనిచేసే ఆయన "ఇది గవర్నమెంటు వాళ్ళకి కదా సార్, మనకెందుకు వర్తిస్తుంది?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

చట్టంలో అలా లేదు. టి.ఏ.లో సైనిక సేవకి పిలుపు అందుకున్న మనిషికి అవసరమైన సెలవు ఇవ్వడం, సేవ ముగిశాక తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం ప్రతి యజమానికీ విధి అని ఉంది. తీసుకునేటప్పుడు ముందున్న దానికంటే తక్కువ షరతుల మీద తీసుకోకూడదు. శిక్షణకి పిలిచినా అది సైనిక సేవ కిందికే వస్తుంది. ఆ తర్వాతి 7-బి సెక్షన్ ప్రావిడెంట్ ఫండ్ లాంటి హక్కులు పోకుండా కాపాడుతుంది. యజమాని తిరిగి తీసుకోకపోతే నిర్ణీత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆ అధికారి ఆదేశం కూడా పాటించని యజమానికి పడే జరిమానా వెయ్యి రూపాయల దాకా, దాంతోపాటు ఆ ఉద్యోగికి ఆరు నెలల జీతానికి సమానమైన మొత్తం.

వెయ్యి రూపాయలు. ఈ రోజుల్లో ఏ యాజమాన్యం దానికి భయపడుతుంది? పైగా కోర్టుకెక్కి గెలిచిన మాస్టరు మళ్ళీ అదే కాలేజీలో అదే స్టాఫ్ రూములో ఎలా కూర్చుంటాడు? నేను ఫిర్యాదు చేయలేదు, ఇంకో కాలేజీ చూసుకున్నాను. నాకు అనుభవముంది, ఉద్యోగం దొరికింది. కొత్తగా చేరిన పాతికేళ్ళ కుర్రాడైతే ఉద్యోగం కావాలో యూనిఫారం కావాలో తేల్చుకోవాల్సి వస్తుంది. నాకు తెలిసి ఇద్దరు యూనిఫారం వదిలేశారు. ఇప్పుడు కొందరు ఉద్యోగ ఇంటర్వ్యూల్లో టి.ఏ.లో ఉన్నామనే మాటే దాచిపెడుతున్నారు. దేశం కోసం నిలబడతానని ప్రమాణం చేసిన మనిషి, ఆ సంగతి చెబితే ఉద్యోగం రాదని భయపడాల్సి రావడం నాకు చాలా అవమానంగా అనిపిస్తుంది.

యాజమాన్యాల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. చిన్న కాలేజీలో ఒక సబ్జెక్టుకి ఒక్క మనిషే ఉంటాడు. రెండు నెలలు లేకపోతే సిలబస్ ఆగుతుంది. చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో సర్వేయరు పోతే క్వారీ పని మందగిస్తుంది. రొయ్యల ప్లాంటులో ల్యాబ్ టెక్నీషియను లేకపోతే సరుకు ఆగుతుంది. కానీ క్యాంపు తేదీలు ముందుగా తెలిసినప్పుడు కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరుకుతుంది. ఇప్పుడు నేనున్న కాలేజీలో అలాగే జరిగింది. నా క్లాసుల్లో కొన్ని ముందే చెప్పేశాను, కొన్ని తోటి లెక్చరర్లు పంచుకున్నారు, వచ్చాక వాళ్ళవి నేను తీసుకున్నాను. పిల్లలు నష్టపోలేదు. ప్రిన్సిపాల్ గారికి చట్టం సంగతి తెలుసు, అంతే తేడా.

అందుకే నా రెండో విన్నపం. కార్మిక శాఖ ద్వారా, విద్యాశాఖ ద్వారా రెండు జిల్లాల్లో ప్రైవేటు కాలేజీలు, ఆసుపత్రులు, ఆక్వా ప్లాంట్లు, గ్రానైట్ కంపెనీలు, కృష్ణపట్నం చుట్టుపక్కల ఉన్న ఫ్యాక్టరీలు, అన్నిటికీ మీ సంతకంతో ఒక సర్క్యులరు పంపండి. ఒక్క పేజీ చాలు. 7-ఏ, 7-బి సెక్షన్లు తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేట్టు రాయించండి. ఎవరికైనా సెలవు దగ్గర ఇబ్బంది వస్తే ఎవరిని కలవాలో ఆ అధికారి హోదా, ఫోన్ నంబరు కింద వేయించండి. బెదిరింపు మాట ఒక్కటి అక్కర్లేదు. కలెక్టరు సంతకం ఉన్న కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటే, "ఇది మనకెందుకు వర్తిస్తుంది" అనే ప్రశ్నే రాదు. కుర్రాడు కోర్టుకి పోవాల్సిన అవసరం రాదు.

మూడోది చిన్నది. పిలుపు వచ్చిన రోజున ఇంటివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడటానికి సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక నంబరు, తెలుగులో నెమ్మదిగా సమాధానం చెప్పే ఒక మనిషి ఉండాలి. రహస్యాలు చెప్పమని ఎవరూ అడగరు. పిలుపు అంటే ఏమిటి, జీతం ఎలా వస్తుంది, ఉత్తరమో పార్శిలో ఏ చిరునామాకి పంపాలి, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ కబురు యూనిట్‌కి ఎలా చేరుతుంది, ఈ నాలుగు మాటలు చాలు. 2025 మేలో అలాంటి నంబరు ఒకటి మా అమ్మ చేతిలో ఉంటే ఆమె ఆ రాత్రి ఇంత అన్నం తినేది.

ఇందులో జిల్లాకి వచ్చే లాభం కూడా ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. అటు ఊళ్ళు అటే, ఇటు ఊళ్ళు ఇటే. అలాంటప్పుడు తాడు ఎలా కట్టాలో, గాయపడినవాణ్ణి ఎలా మోయాలో, భయపడిపోయిన జనాన్ని ఒక వరసలో ఎలా నడిపించాలో శిక్షణ పొందిన మనిషి ప్రతి మండలంలో ఇద్దరుంటే ఎంత మేలు! టి.ఏ.లో చేరినవాడు ఏడాదిలో ఎక్కువ నెలలు మన మధ్యే ఉంటాడు, మన బడిలో పాఠం చెబుతూ, మన బజార్లో షాపు నడుపుతూ ఉంటాడు. వాడికి నేర్పిన విద్య ఊరి పొలిమేర దాటి పోదు.

మైపాడు రోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉన్న ఒక కుర్రాడు, చీమకుర్తి క్వారీలో పనిచేసే ఒక డిప్లొమా అబ్బాయి, కనిగిరి నుంచి బస్సెక్కి వచ్చి నన్ను కలిసిన ఒక టీచరు ఇప్పుడు నా దగ్గర సలహా తీసుకుంటున్నారు. డిప్లొమా అబ్బాయి ముందు దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయాలి, ఆ మాట చెప్పాను. మిగతా ఇద్దరూ వచ్చే ప్రకటన కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళు ముగ్గురూ నన్ను వెతుక్కుంటూ రాగలిగారు, ఎవరో నా సంగతి చెప్పారు కాబట్టి. చెప్పేవాళ్ళు లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలియదు.

అక్టోబరు 9 టెరిటోరియల్ ఆర్మీ దినం. ఆ రోజు నుంచే నెలకొక రోజు ఏర్పాటు మొదలుపెట్టగలిగితే సంతోషిస్తాను. చట్టం కాపీ, ఆ రెండు సెక్షన్లకి నేను రాసుకున్న తెలుగు పాఠం, పరీక్ష, మెడికల్ గురించి ఇన్నాళ్ళుగా పిల్లలకి చెబుతూ పోగుచేసిన నోట్సు నా దగ్గరున్నాయి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అర్జీగా కూడా ఇస్తాను. మీరు సమయమిస్తే నెల్లూరుకైనా ఒంగోలుకైనా అవన్నీ తీసుకుని వస్తాను.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక టెరిటోరియల్ ఆర్మీ మాజీ అధికారి,
నెల్లూరు జిల్లా